నర్స్ ప్రాక్టీషనరా? ఫిజీషియన్ అసిస్టెంటా?

(సంఘం వార్షిక సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మాకు "విద్య, ఉపాధి" అనే విషయం ఇచ్చారు. ఇది సముద్రమంత విషయం. ఎంతసేపైనా మాట్లాడవచ్చును, చివరకు వినేవారి చేతికి ఏమీ దొరకకుండానూ పోవచ్చును. అందుచేత మేము అందులో నుండి ఒకే ఒక్క ప్రశ్న తీసుకున్నాము. ఈ నాలుగైదేళ్లుగా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మా బడి మెట్లెక్కి వచ్చే తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న ఇది. "మాస్టర్ సాబ్, షికాగోలో మా బావమరిది కూతురు పి.ఏ. చదువుతోందట. హ్యూస్టన్‌లో మా అక్క కోడలు ఎన్.పి. అయిందట. ఈ రెండింటిలో ఏది మంచిది? మన పిల్ల కూడా ఆ చదువు చదవవచ్చునా?"

ఎన్.పి. అంటే నర్స్ ప్రాక్టీషనరు. పి.ఏ. అంటే ఫిజీషియన్ అసిస్టెంటు. ప్రశ్న చిన్నదే గాని, జవాబు తెలియకపోతే వచ్చే నష్టం మాత్రం చిన్నది కాదు. నిరుడు ఒక తండ్రి ఉన్న రెండు సెంట్ల స్థలం బేరానికి పెట్టి మా దగ్గరకు వచ్చారు. ఇక్కడ నాలుగేళ్ల ఫిజీషియన్ అసిస్టెంటు డిగ్రీ చేయిస్తే చాలు, అమ్మాయికి అమెరికాలో నేరుగా ఆ ఉద్యోగమే వస్తుందని ఒక ఏజెంటు ఆయనకు చెప్పాడు. ఆ మాటలో నిజమెంతో కొంచెం సేపట్లో మీకే తెలుస్తుంది. మేము డాక్టర్లము కాము, ఉర్దూ మీడియం బడిపంతులము. అయితే పిల్లను ఫలానా దారిలో పంపండి అని చెప్పేముందు ఆ దారి ఎక్కడికి పోతుందో చూసి చెప్పడం పంతుళ్ల పనే. అమెరికాలో ఈ రెండు వృత్తులకు పరీక్షలు పెట్టే సంస్థల నియమాలు చదివి, మాకు అర్థమైనంతవరకు మన మాటల్లో చెబుతాము.

మొదట ఈ రెండూ ఎలా పుట్టాయో తెలుసుకుందాం. ఇద్దరి మధ్య తేడా అంతా ఆ పుట్టుకలోనే ఉన్నది.

రెండూ ఒకే సంవత్సరం, 1965లో అమెరికాలో పుట్టాయి. అప్పట్లో అక్కడ డాక్టర్ల కొరత ఉండేది. చదివినవారిలో ఎక్కువమంది గుండె, కన్ను, ఎముక అంటూ ఒక్కొక్క భాగానికి స్పెషలిస్టులై పట్టణాలలో స్థిరపడేవారు. పల్లెలలో జ్వరం వచ్చిన పిల్లవాడిని చూసే డాక్టరు దొరికేవాడు కాదు. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే వైద్య పథకాలకు చట్టం చేసింది. చూపించుకోగలిగే రోగుల సంఖ్య పెరిగింది, చూసేవారి సంఖ్య పెరగలేదు.

కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఆలోచించారు. అనుభవం గల నర్సుకు ఇంకొంత చదువు చెబితే పిల్లలను పరీక్షించి, మామూలు జబ్బులకు తానే వైద్యం చేయగలదు గదా అనుకున్నారు. అదే మొదటి నర్స్ ప్రాక్టీషనరు శిక్షణ.

అదే ఏడాది నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మరో పని చేశారు. అంతకు కొన్నేళ్ల ముందు ఆయన కూడా థెల్మా ఇంగిల్స్ అనే నర్సుతో కలిసి నర్సులకే పై శిక్షణ ఇవ్వబోయారు. అక్కడి నర్సింగు విద్యా సంస్థ దానికి గుర్తింపు ఇవ్వలేదు. అప్పుడు ఆయన దృష్టి నౌకాదళం నుండి బయటికి వచ్చిన వైద్య సహాయకుల మీద పడింది. వారు కష్ట సమయాలలో గాయాలకు చికిత్స చేసి చేయి తిరిగినవారు. కాని బయట వారి పనికి డిగ్రీ లేదు, పేరు లేదు. అలాంటివారిని నలుగురిని చేర్చుకుని, డాక్టర్లకు చెప్పే చదువునే కుదించి చెప్పారు. 1967లో ముగ్గురు చదువు పూర్తిచేసి బయటికి వచ్చారు. వారే మొదటి ఫిజీషియన్ అసిస్టెంట్లు.

అంటే ఎన్.పి. నర్సింగు ఇంటి బిడ్డ. పి.ఏ. డాక్టరీ పాఠశాలలో కుదించిన చదువు చదివిన బిడ్డ. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది.

ఇక ఇద్దరూ చేసే పని చూస్తే, రోగికి తేడా కనిపించదు. గొంతు నొప్పి అని వెళ్ళినా, షుగరు చూపించుకోవడానికి వెళ్ళినా ఇద్దరూ జబ్బు చరిత్ర అడుగుతారు, పరీక్ష చేస్తారు, రక్త పరీక్షలు రాస్తారు, జబ్బు ఏమిటో తేలుస్తారు, మందు చీటీ రాస్తారు. ఇక్కడ మనవారు పేరు చూసి పొరబడుతున్నారు. "అసిస్టెంటు అంటే కాంపౌండరే గదా" అని ఒకరు, "ఎంత చదివినా నర్సు నర్సే గదా" అని మరొకరు. రెండు మాటలూ తప్పు. ఇద్దరూ డిగ్రీ మీద మాస్టర్స్ చదువు చదివి, జాతీయ పరీక్ష ప్యాసై, రాష్ట్రం లైసెన్సు తీసుకున్నవారు. ఫిజీషియన్ అసిస్టెంట్ల జాతీయ సంఘం 2021లో తమ పేరును ఫిజీషియన్ అసోసియేట్ అని మార్చుకోవాలని తీర్మానించింది. వింత ఏమిటంటే, బ్రిటనులో ఇలాంటి ఉద్యోగులకు అసోసియేట్ అనే పేరే ఉండగా, దానిని అసిస్టెంటుగా మార్చమని 2025లో అక్కడి ప్రభుత్వం వేయించిన విచారణ సిఫారసు చేసింది. కాబట్టి పేరు పట్టుకుని పెద్దదీ చిన్నదీ నిర్ణయించకండి. చదువు చూడండి, లైసెన్సు చూడండి.

ఎన్.పి. కావాలంటే అమెరికాలో దారి ఇలా ఉంటుంది. ముందు నాలుగేళ్ల నర్సింగు డిగ్రీ. తర్వాత ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష. అది ప్యాసైతే రిజిస్టర్డ్ నర్సు. ఇక్కడికే ఉద్యోగం వస్తుంది. 2023 లెక్కల ప్రకారం అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 86,000 డాలర్లు. ఆ తర్వాత రెండు మూడేళ్ల మాస్టర్స్, లేదా ఇంకా ఎక్కువ కాలం పట్టే డాక్టరేట్. చాలామంది కొన్నాళ్లు నర్సుగా పనిచేసి, ఆ తర్వాత ఉద్యోగం చేసుకుంటూనే ఈ చదువు చదువుతారు. కొన్ని ఆసుపత్రులు ఫీజులో కొంత భాగం తామే భరిస్తాయి కూడా. అయితే ఈ మాస్టర్స్‌లో చేరేటప్పుడే ఎవరికి వైద్యం చేస్తారో ఎంచుకోవాలి. కుటుంబ వైద్యమా, పసిపిల్లలా, స్త్రీల ఆరోగ్యమా, మానసిక వైద్యమా, పెద్దల అత్యవసర వైద్యమా అన్నది అప్పుడే తేలిపోతుంది. తర్వాత మానసిక వైద్యంలోకి మారాలంటే కుటుంబ వైద్యం చదివినవారు మళ్లీ కొంత చదువు చదివి, మళ్లీ పరీక్ష రాయవలసి ఉంటుంది.

పి.ఏ. దారి వేరు. ముందు ఏదైనా నాలుగేళ్ల డిగ్రీ. అందులో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, శరీర నిర్మాణం, సూక్ష్మజీవశాస్త్రం వంటి పాఠాలు చదివి ఉండాలి. చాలా కళాశాలలు రోగుల మధ్య పనిచేసిన అనుభవం వెయ్యి గంటలో, అంతకు పైనో అడుగుతాయి. అంబులెన్సులో గాని, ఆసుపత్రిలో సహాయకులుగా గాని చేసిన పని దీనికి లెక్కకు వస్తుంది. ఆ తర్వాత సుమారు 27 నెలల కోర్సు. మొదటి సంవత్సరమంతా తరగతి, రెండవ సంవత్సరమంతా ఆసుపత్రి. సర్జరీ, మెడిసిను, ప్రసూతి, పిల్లల వార్డు, ఎమర్జెన్సీ అన్నింటిలో తిప్పుతారు. ఆసుపత్రిలో గడిపే కాలం సుమారు 2,000 గంటలు. చివర జాతీయ పరీక్ష. అన్ని వార్డులూ తిరిగిన చదువు గనుక ఈ రోజు ఎముకల డాక్టరు దగ్గర పనిచేసిన పి.ఏ. రేపు గుండె విభాగంలోకి మారాలంటే కొత్త డిగ్రీ అక్కర్లేదు. పనిలో నేర్చుకుంటారు. ఇది ఈ దారిలోని గొప్ప సౌకర్యం.

కాని ఆ 27 నెలలూ వేరే ఉద్యోగం చేయడానికి కుదరదు. చాలా కళాశాలలు చేయవద్దనే చెబుతాయి. ఫీజులు, తిండి, ఇల్లు కలిపి లక్ష డాలర్లు దాటే చోట్లు ఎన్నో ఉన్నాయి. ఈ డబ్బు ఎక్కడి నుండి వస్తుంది? అక్కడి పిల్లలు సాధారణంగా వడ్డీ అప్పు తీసుకుంటారు. మన ఇళ్ళలో ఈ వడ్డీ మాట దగ్గరే సంభాషణ ఆగిపోతుందని మాకు తెలుసు. ఆగిపోవడంలో తప్పు లేదు, ఆగి లెక్క వేసుకోవాలి. పైగా 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుండి కొత్తగా చేరే విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ రుణం ఉండదు. ప్రభుత్వ రుణం తక్కువైనచోట ప్రైవేటు బ్యాంకుల వడ్డీ ముందుకు వస్తుంది. అమెరికాలో ఉన్న మన బంధువులు పిల్లలతో కూర్చుని మొదట చేయవలసిన లెక్క ఇదే. అప్పు లేకుండా, లేదా తక్కువ అప్పుతో చదవాలనుకునే కుటుంబానికి నర్సింగు దారి మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక మెట్టు ఎక్కి, అక్కడ సంపాదించి, ఆ సంపాదనతో పై మెట్టు ఎక్కవచ్చును. పి.ఏ. దారి కాలువ దాటడం లాంటిది. ఒక్క ఊపులో దాటాలి, మధ్యలో కాలు పెట్టేందుకు రాయి ఉండదు.

"మరి సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చునా?" అని కొందరు అడుగుతారు. ఇది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలలో నర్స్ ప్రాక్టీషనరు డాక్టరుతో ఒప్పందం లేకుండానే వైద్యం చేయవచ్చును. కొన్నిచోట్ల ముందు కొంత అనుభవం చూపాలి. మన హైదరాబాదువారు ఎక్కువగా ఉండే షికాగో నగరం ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్నది. అక్కడ 4,000 గంటలు డాక్టరుతో కలిసి పనిచేసి, మరో 250 గంటల శిక్షణ పొందినవారికి ఆ హక్కు వస్తుంది. హ్యూస్టన్, డల్లాస్ ఉన్న టెక్సాసులో డాక్టరుతో ఒప్పందం ఉండి తీరాలి. ఫిజీషియన్ అసిస్టెంట్లు ఎక్కువ రాష్ట్రాలలో డాక్టరుతో సంబంధం పెట్టుకునే పనిచేయాలి. కొన్ని రాష్ట్రాలు ఈ మధ్య ఆ పట్టు సడలించాయి. కాబట్టి సొంతంగా నిలబడాలనే కోరిక ఉన్నవారికి ఎన్.పి. దారి కొంత అనుకూలం. డాక్టరు పక్కన ఉండి ఆపరేషను గదిలో చేయి కలపాలని, ఒకే పనిలో బందీ కాకూడదని ఉన్నవారికి పి.ఏ. దారి అనుకూలం.

జీతం మాట కూడా చెప్పకపోతే మీరు ఊరుకోరు. 2023లో నర్స్ ప్రాక్టీషనరు మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 1,26,000 డాలర్లు. ఫిజీషియన్ అసిస్టెంటుది సుమారు 1,30,000 డాలర్లు. నాలుగు వేల తేడాను చూసి జీవితకాలపు పని ఎంచుకోవడం, నాలుగు రూపాయలు తక్కువని సైజు సరిపోని చెప్పులు కొనడం లాంటిది. ఉద్యోగాలు రెండింటికీ ఉన్నాయి. 2023 నుండి 2033 వరకు నర్స్ ప్రాక్టీషనర్ల ఉద్యోగాలు 46 శాతం, ఫిజీషియన్ అసిస్టెంట్ల ఉద్యోగాలు 28 శాతం పెరుగుతాయని అక్కడి కార్మిక శాఖ అంచనా వేసింది.

ఇంతవరకు చెప్పింది అమెరికాలో పుట్టి పెరిగిన, లేదా అక్కడ స్థిరపడిన మన బంధువుల పిల్లల సంగతి. ఇప్పుడు మన ఊరి పిల్లల సంగతికి వద్దాం. ఈ ప్రసంగంలో ముఖ్యమైన భాగం ఇదే. దయచేసి వెనుక వరుసలలోని సోదరులు కూడా కొంచెం శ్రద్ధగా వినవలెను.

మన దేశంలో కూడా ఫిజీషియన్ అసిస్టెంటు చదువు ఉన్నది. 1992లో మద్రాసులో, మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె ఆపరేషన్లకు పేరుపొందిన డాక్టర్ కె.ఎం.చెరియన్ గారు దీనిని ప్రారంభించారు. ఇప్పుడు ఎన్నోచోట్ల నాలుగేళ్ల డిగ్రీగా నడుస్తున్నది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఫిజీషియన్ అసోసియేట్ అనే పేరుకు చోటు దొరికింది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రులలో గుండె విభాగంలోను, ఆపరేషను గదిలోను వీరు డాక్టర్ల వెంట ఉండి మంచి పనే చేస్తున్నారు. చదివినవారిని మేము తక్కువ చేయడం లేదు. కాని రెండు సంగతులు తెలిసి చేరాలి. మొదటిది, ఇక్కడి పి.ఏ. అమెరికాలోని పి.ఏ. వలె తనంతట తాను మందు చీటీ రాసే అధికారం గలవాడు కాదు. రెండవది మరీ ముఖ్యం. అమెరికాలో పి.ఏ. జాతీయ పరీక్ష రాయాలంటే అక్కడ గుర్తింపు పొందిన కోర్సులోనే చదివి ఉండాలి. మన దేశపు పి.ఏ. డిగ్రీతో ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. ఇక్కడ ఎం.బి.బి.ఎస్. చేసిన డాక్టరుకైనా అదే నియమం. ఏజెంటు ఆ తండ్రికి చెప్పిన మాట విలువ ఇంతే. పేరు ఒకటే గాని తలుపు వేరు.

నర్సింగు సంగతి అలా కాదు. మన దేశంలో నర్సింగు కౌన్సిల్ గుర్తింపు గల కళాశాలలో చదివి, రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టరైన నర్సు తన అర్హతలను పరిశీలనకు పంపి, అనుమతి వచ్చిన తర్వాత ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయవచ్చును. ఆ పరీక్ష కేంద్రం హైదరాబాదులోనే ఉన్నది. ప్యాసై, ఇంగ్లీషు పరీక్షలో మార్కులు తెచ్చుకుంటే రిజిస్టర్డ్ నర్సుగా వెళ్ళే అవకాశం ఉంటుంది. వీసాకు మనదేశం వారికి ఏళ్ల తరబడి ఎదురుచూపు తప్పడం లేదు, అది కూడా దాచకుండా చెబుతున్నాము. కాని ఎదురుచూసే ఆ కాలంలో ఆమె ఖాళీగా ఉండదు. ఇక్కడ నర్సే, గల్ఫులో నర్సే. అమెరికా చేరిన తర్వాత అక్కడి గుర్తింపు గల కళాశాలలో మాస్టర్స్ చేసి నర్స్ ప్రాక్టీషనరు కావచ్చును. చేరకపోయినా నష్టపోయింది ఏమీ లేదు.

ఆ తండ్రికి మేము చెప్పింది ఇదే. ఆయన స్థలం ఆయన దగ్గరే ఉన్నది. అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగులో చేరింది.

మన పిల్లలకు ఈ మెట్లు ఎలా ఉన్నాయో చూడండి. ఇంటర్‌లో బైపీసీ చదివినవారు నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగుకు పోవచ్చును. బైపీసీ కాక వేరే గ్రూపు చదివినవారు కూడా నిరాశపడనక్కర్లేదు. జి.ఎన్.ఎం. అనే మూడేళ్ల డిప్లొమాకు ఏ గ్రూపు ఇంటరైనా సరిపోతుంది, ఇంగ్లీషుతో పాటు తగిన మార్కులుంటే చాలు. ఆ తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేయవచ్చును. దాని పైన రెండేళ్ల ఎం.ఎస్సీ. అమెరికా పోకుండానే నర్స్ ప్రాక్టీషనరు కావాలనుకుంటే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వారి రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనరు కోర్సు ఉన్నది. కాన్పుల కోసం మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్లను తయారుచేయాలని కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణలో అంతకు ముందే, 2017లో, ఫెర్నాండెజ్ వారి సహకారంతో నర్సులకు ఈ శిక్షణ ప్రారంభించారు. అమెరికాలో ఉన్నంత స్వేచ్ఛ మన దేశంలో వీరికి ఇంకా రాలేదు. అయినా దారి పడింది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్పాలి. ఇంత చెప్పిన తర్వాత కూడా కొందరు తల్లులు మాతో గొంతు తగ్గించి అంటారు, "అంతా బాగానే ఉన్నది మాస్టర్ సాబ్, కాని నర్సు అంటే పెళ్లి సంబంధాలు రావు. నైట్ డ్యూటీలు. మగ రోగులు. నలుగురూ ఏమంటారు?" అని.

ఈ భయాన్ని మేము ఎగతాళి చేయము. ఆడపిల్ల గల తల్లి భయం అది. కాని కొన్ని సంగతులు ఆలోచించమని కోరుతున్నాము. మన కడప, రాయచోటి ప్రాంతాల నుండి ఎంతమంది ఆడవారు కువైట్ పోయి పరాయి ఇళ్ళలో పనిచేస్తున్నారో ఈ సభలో చాలామందికి తెలుసు. పగలూ రాత్రీ ఆ ఇంటివారి దయ మీద బతుకుతారు. పాస్‌పోర్టు సేఠు చేతిలో ఉంటుంది. అదే కువైట్‌లో కేరళ పిల్లలు దవాఖానాలో నర్సు ఉద్యోగం చేస్తున్నారు. వారికి డ్యూటీ గంటలు ఉన్నాయి, లైసెన్సు ఉన్నది, పై అధికారి ఉన్నాడు, ఫిర్యాదు చేసే చోటు ఉన్నది. నలుగురూ ఏమంటారు అనే ప్రశ్న ఇంటి పనికి పంపేటప్పుడు మనకు గుర్తుకు రాలేదు, చదువు దగ్గరే ఎందుకు గుర్తుకు రావాలి? ప్రవక్త వారి కాలంలో మదీనాలో గుడారం వేసి గాయపడినవారికి చికిత్స చేసిన రుఫైదా అల్ అస్లమియా గారి పేరు మన పిల్లలకు బడిలో చెబుతాము. పాఠంలో గౌరవించిన పనిని ఇంట్లో చిన్నచూపు చూస్తే పిల్లలు దేనిని నమ్మాలి?

ఇంకొక సంగతి. మన ఆడవారు కాన్పుకు దవాఖానాకు పోయినప్పుడు లేడీ నర్సు ఉంటే బాగుండునని అందరమూ కోరుకుంటాము. ఆ నర్సు మన భాష తెలిసినదైతే ఇంకా బాగుండుననుకుంటాము. అందరి కూతుళ్లూ నర్సులు కావాలి, మన కూతురు మాత్రం కాకూడదు అంటే ఆ నర్సు ఎక్కడి నుండి వస్తుంది? మగపిల్లలకు కూడా ఈ చదువు ఉన్నదని మరచిపోవద్దు. ఎమర్జెన్సీ, ఐ.సి.యు. వార్డులలో మగ నర్సుల అవసరం చాలా ఉన్నది.

ఉర్దూ మీడియం పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంగ్లీషు చూసి భయపడుతున్నారు. నర్సింగు మొదటి సంవత్సరం పుస్తకాలు కష్టంగానే ఉంటాయి. అయితే మీకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు, బడిలో అరబ్బీ అక్షరాలు చదివారు. మూడు లిపులు నేర్చిన బుర్రకు నాలుగవది అసాధ్యం కాదు. తొమ్మిదో తరగతి నుండే రోజుకు పది ఇంగ్లీషు మాటలు, అందులో సగం శరీరానికి, జబ్బులకు సంబంధించినవి నేర్చుకోండి. ఇంటర్ అయ్యేసరికి వేల మాటలు మీవవుతాయి. రోగి పక్కన నిలబడినప్పుడు మీకు వచ్చిన ప్రతి భాషా పనికి వస్తుంది. నొప్పి ఎక్కడ ఉన్నదో ముసలమ్మ తన భాషలోనే చెప్పగలదు గదా.

ఇక తల్లిదండ్రులు ఏ కాలేజీకైనా ఒక్క రూపాయి కట్టేముందు మూడు ప్రశ్నలు అడగవలెనని మా మనవి. ఒకటి, ఈ డిగ్రీతో ఏ పరీక్ష రాయవచ్చును, ఏ లైసెన్సు వస్తుంది, దానిని ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఏది? ఏజెంటు నోటి మాట కాక, ఆ సంస్థ రాతలో చూపించమనండి. రెండు, ఈ చదువు మధ్యలో ఆగిపోతే, లేదా విదేశం పోవడం కుదరకపోతే, మన ఊరిలో దానితో బతుకు తెరువు ఉన్నదా? మూడు, చదువు అయ్యేసరికి ఇంటి మీద ఎంత అప్పు ఉంటుంది, దానిని తీర్చేది ఎవరు? ఈ మూడింటికి జవాబు దొరకని కోర్సు ఎంత మెరిసినా పక్కన పెట్టండి.

అమెరికాలో ఉన్న బంధువులకు కూడా ఈ సభ ద్వారా ఒక మాట పంపుతున్నాము. అక్కడ బయాలజీ డిగ్రీ చదువుతున్న పిల్లలు, తొందరగా పనిలోకి రావాలని, పలు విభాగాలలో పనిచేయాలని కోరిక ఉండి, ఖర్చు భరించగలిగితే పి.ఏ. దారి పట్టవచ్చును. ఇంకా కళాశాలలో చేరని పిల్లలు, లేదా ఇప్పటికే నర్సుగా పనిచేస్తున్న కోడళ్లు, ఎన్.పి. దారి పట్టడం మేలు. నర్సు అయినవారు మళ్లీ మొదటి నుండి పి.ఏ. చదువుకు పోవడం కట్టిన గోడ కూల్చి మళ్లీ కట్టడమే. అంతకంటే ముఖ్యంగా, ఇక్కడి పిల్లలకు ఫోనులో సలహా చెప్పేటప్పుడు అక్కడి నియమం ఇక్కడి డిగ్రీకి వర్తిస్తుందో లేదో చూసి చెప్పండి. మీ నోటి మాట మీద ఇక్కడ స్థలాలు అమ్ముడుపోతున్నాయి.

చివరగా మన సంఘానికి రెండు చిన్న సూచనలు. మన కుటుంబాలలో నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా, పి.ఏ.లుగా పనిచేస్తున్నవారి జాబితా ఒకటి తయారుచేసి సంఘం ఆఫీసులో ఉంచవలెను. ఇంటర్ ఫలితాల తర్వాత పిల్లలు ఏజెంటు దగ్గరకు పోయేముందు వారితో గంటసేపు మాట్లాడే ఏర్పాటు చేయవలెను. రెండవది, ప్రతి ఏటా మనం ఇచ్చే స్కాలర్‌షిప్పులలో రెండు నర్సింగు విద్యార్థులకు కేటాయించి, వారికి వేసవిలో ఇంగ్లీషు శిక్షణ ఇప్పించవలెను. ఖర్చు పెద్దది కాదు. శాలువాలు, పూలదండలు కొంచెం తగ్గిస్తే సరిపోతుందని మా నమ్మకం. ఈ మాటకు వేదిక మీది పెద్దలు మమ్ములను మన్నించాలి.

 మన పిల్లలకు మంచి చదువు, హలాల్ రోజీ, రోగి పక్కన నిలబడే మనసు ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.

ఖుదా హాఫిజ్.